ఫ్రిట్జ్ లాంగు చరిత్రము

మన సంఘ వార్షికమహాసభల సంచికయందు ఏటేట నొక మహనీయుని చరిత్రము ప్రకటించుట వాడుకయైయున్నది. దాతలు, పండితులు, సత్రములు కట్టించినవారు, బాలికాపాఠశాలలు నెలకొల్పినవారు, ఇట్టివారి జీవితములను మనము పలుమారులు చదివియున్నాము. ఈ యేట ఆ భారము నాపై బడగా, నేనొక విదేశీయుని, అందును చలనచిత్రదర్శకుని ఎన్నుకొంటినని విని కొందఱు మిత్రులు నవ్విరి. హత్యలను, దొంగలను, చీకటి సందులను చూపినవానితో మన సంఘమునకేమి పనియని వారి శంక. వ్యాసమును తుదివఱకు చదివినవారికి సమాధానము దొరకునని నా నమ్మకము.

ఫ్రిట్జ్ లాంగు 1890వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన ఆస్ట్రియా రాజధానియగు వియన్నా నగరమున జన్మించెను. తండ్రి ఆంటన్ లాంగు కట్టడముల వ్యాపారము చేయువాడు. తల్లి పౌలా యూదుల యింట పుట్టి, కుమారునకు పదియేండ్ల ప్రాయమున కాథలిక్కు మతమును స్వీకరించినది. ఈ సంగతిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురుగాక. బాలుడు పెరిగి కొంతకాలము సాంకేతిక విద్యాలయమున చదివెను గాని, మనసు నిలువక చిత్రలేఖనమునకు మరలెను. పిమ్మట ఇల్లు విడిచి దేశములు తిరిగి, 1914లో మహాయుద్ధము వచ్చునప్పటికి పారిస్ నగరమున చిత్రకళ నభ్యసించుచుండెను. యుద్ధవార్త విని స్వదేశమునకు పోయి సైన్యమున చేరెను. రష్యా, రుమేనియా రంగములందు పోరాడి పలుమారులు గాయపడెను. కంటికిని దెబ్బ తగిలెను. ఆసుపత్రి మంచముపై పడియుండియే చలనచిత్రములకు కథలు వ్రాయ మొదలిడెను.

యుద్ధానంతరమున బెర్లిన్ నగరము చేరి, ఎరిక్ పొమ్మర్ అను నిర్మాత యాశ్రయమున పనికి కుదిరి, 1919లో దర్శకుడయ్యెను. 1920లో ఆతని మొదటి భార్య తుపాకిగుండు తగిలి యింటిలోనే మరణించెను. ఆ మరణమును గూర్చిన గుసగుసలు ఆతనిని జీవితాంతము వెన్నాడినవి. నిందమోయు మనుష్యుని దుఃఖము ఆతని చిత్రములందు మాటిమాటికి కానవచ్చుట ఆశ్చర్యముగాదు. 1922లో థియా ఫొన్ హార్బౌ అను రచయిత్రిని పెండ్లాడెను. వీరిరువురు కలిసి పని చేసిన పదియేండ్లు జర్మను చిత్రకళకు మహోన్నతకాలములలో నొకటి. మృత్యుదేవత కథ చెప్పిన 1921 నాటి చిత్రము, మాయలమారి జూదగాని కథయగు డాక్టర్ మబూజ్ (1922), జర్మనుల పురాణగాథయగు నిబెలుంగెన్ (1924), పిదప మెట్రోపొలిస్ (1927) వరుసగా వెలువడినవి. మెట్రోపొలిస్ కొఱకు ఏడాదికిపైగా చిత్రీకరణము జరిగి, ఏబదిలక్షల మార్కులకు తక్కువగాని ద్రవ్యము వ్యయమై, నిర్మించిన ఊఫా కంపెనీ అప్పులలో మునిగినది. నేలపైని సౌధములలో ధనికులును, నేలక్రింద యంత్రములకడ శ్రామికులును నివసించు నగరమది. 1929లో తీసిన చంద్రలోకయాత్రాచిత్రమున రాకెట్టు లేచుటకు ముందు అంకెలను వెనుకకు లెక్కించు పద్ధతిని తెరపై మొదట చూపినవాడును ఇతడే.

దోషములు లేని మనుజుడు లేడు. లాంగు పనియందు కఠినుడు. నటులను, శ్రామికులను అలసటయెఱుగక పని చేయించువాడు. ఒక్క దృశ్యమునే పలుమారులు మరల చేయించువాడు. పెక్కుమంది నటులు ఆతని కళను మెచ్చికొనిరి గాని, ఆతని ప్రేమించినవారు తక్కువ. చరిత్రకారుడు దీనిని దాచరాదు.

1931లో వెలువడిన ఎమ్ అను చిత్రము లాంగునకు తొలి టాకీ. తన చిత్రములన్నింటిలో దీనినే ఆతడు మిన్నగా నెంచెను. బెర్లిన్ నగరమున నొకడు పసిబాలికలను మాయచేసి కొనిపోయి చంపుచుండును. మొదటి ఘట్టమున నొక పేదతల్లి బట్టలుతికి యలసి, బడినుండి రావలసిన కూతురు ఎల్సీ కొఱకు వంటచేసి, పళ్లెము పెట్టి, వేచియుండును. గడియారము మ్రోగును. మెట్లపై అడుగులచప్పుడైన తలుపు తీయును, వచ్చినవారు పొరుగుపిల్లలు. అక్కడ వీథిలో ఎల్సీ ఒక స్తంభముపైకి బంతి విసరి యాడుకొనుచుండును. ఆ స్తంభముపై హంతకుని పట్టించినవారికి బహుమానమిత్తుమను ప్రకటన యంటింపబడియున్నది. ఆ కాగితముపై నొక పురుషుని నీడ పడును. అటుపిమ్మట తల్లి పిలుపు మాత్రము వినబడుచుండ, నిర్జనమైన మెట్లవరుస, బట్టలారవేసిన అటక, ముట్టని పళ్లెము ఒకదానివెంట నొకటి కానవచ్చును. పొదలనుండి బంతి దొరలివచ్చి ఆగును. ఆతడు కొనిపెట్టిన బుడగ తంతితీగెలలో చిక్కుకొని, గాలికెగిరిపోవును. ఇంతే. కత్తి లేదు, రక్తము లేదు, కేక లేదు. చూచినవారి గుండె మాత్రము చల్లబడును.

సంస్కృతము చదివినవారికి ఈ మార్గము క్రొత్తగాదు. యుద్ధము, మరణము, నగరపుముట్టడి మొదలగువానిని అంకమున ప్రత్యక్షముగ చూపరాదనియు, ప్రవేశకాదులచేత సూచింపవలయుననియు భరతముని శాసించెను. చెప్పినదానికంటె చెప్పక తోపించినదే కావ్యమునకు ప్రాణమని ఆనందవర్ధనుడు నిరూపించెను. లాంగు ఈ శాస్త్రములను చదివినవాడుగాడు. ఐనను పళ్లెము, బంతి, బుడగ అను మూడు వస్తువులచేత ఆతడు సాధించినది ధ్వనియే. భయము దుఃఖహేతువుగదా, దాని నేల డబ్బిచ్చి చూడవలయునని యడుగువారు కలరు. శాకుంతలమున దుష్యంతుని రథమునకు ముందు ప్రాణభీతితో పరువెత్తు లేడిని అభినవగుప్తుడు భయానకరసమునకు ఉదాహరణముగ తీసికొని, ఆ భయము నాదియుగాక, పరునిదియుగాక సాధారణమై తోచినప్పుడే రసమగునని వివరించెను. ఉత్తమమైన ఉత్కంఠచిత్రములన్నింటికిని ఈ సూత్రమే యాధారము. తల్లి యెఱుగనిదానిని మనమెఱిగియుండుటచేత గడియారపుమ్రోత మన హృదయమున మ్రోగును.

కథ ఇంకను లోతునకు పోవును. హంతకుని వెదకుచు పోలీసువారు రాత్రింబవళ్లు సోదాలు చేయుటచే నగరమునందలి దొంగల వృత్తికి భంగము వాటిల్లును. అంతట దొంగల నాయకులు సభచేసి, హంతకుని తామే పట్టవలయునని తీర్మానించి, బిచ్చగాండ్రను వీథివీథికి కావలియుంతురు. బుడగలమ్ము నొక గ్రుడ్డివాడు హంతకుని ఈలపాటను విని ఆనవాలుపట్టును. ఒక యువకుడు తన యరచేత సుద్దతో ఎమ్ అను అక్షరము వ్రాసికొని, తూలినట్లు నటించి హంతకుని భుజముపై ముద్రవేయును. తుదకు పాడుపడిన సారాబట్టీలో దొంగలే న్యాయసభ తీర్చి, దొంగలే న్యాయాధిపతులై, వానికి మరణశిక్ష విధింప సిద్ధపడుదురు. పీటర్ లోరె అను నటుడు ధరించిన ఆ హంతకుడు మోకరిల్లి, తనలోని పిశాచమునకు తానే వెఱచు దీనతను వెలిబుచ్చును. వానికొఱకేర్పడిన వాదకుడు, తన వశమున లేనివానిని చంపుటకు ఎవ్వరికి నధికారములేదని వాదించును. సభ కేకలు వేయును. అప్పుడు పోలీసువారు వచ్చి నిజమైన న్యాయస్థానమునకు వానిని కొనిపోవుదురు. హంతకునిపై మనకు జాలి పుట్టింపవలయునని లాంగు కోరికగాదు. కోపించిన సమూహము న్యాయాసనమెక్కినచో నేమగునో చూపుటయే ఆతని తలంపు.

రెండేండ్లు గడువకముందే జర్మనీ దేశమంతయు నట్టి సభగా మారినది. 1933 జనవరిలో హిట్లరు అధికారమునకు వచ్చెను. లాంగు తీసిన రెండవ మబూజ్ చిత్రమును ప్రజాశాంతికి భంగకరమని మార్చినెలలో నిషేధించిరి. చిత్రపరిశ్రమనుండి యూదులను తొలగింపసాగిరి. ఒకని విద్య, నడత, మతము ఇవేవియు లెక్కకు రాలేదు. తల్లిదండ్రుల పుట్టుకయే ప్రమాణమైనది. తల్లి ముప్పదియేండ్లకు పూర్వమే మతము మార్చుకొన్నను లాంగునకు ముప్పు తప్పలేదు. భార్యయగు థియా నాజీపక్షమునకు చేరువై జర్మనీలోనే నిలిచెను. ఆ యేడే వారు విడిపోయిరి.

ఇచ్చట నొక ముచ్చట చెప్పవలసియున్నది. ప్రచారమంత్రి గోబెల్సు తన్ను పిలిపించి జర్మను చిత్రపరిశ్రమకు నాయకత్వమీయజూపెననియు, ఆ సాయంకాలమే, బ్యాంకులు మూతపడియుండుటచే ధనమైన తీసికొనక రైలెక్కి పారిస్ చేరితిననియు లాంగు వార్ధకమున పెక్కుమారులు చెప్పెను. ఆతని పాస్‌పోర్టును తరువాతి పరిశోధకులు పరిశీలింపగా, ఆ యేటి జూలై మాసాంతము వఱకు ఆతడు జర్మనీకి వచ్చుచు పోవుచుండినట్లు అందలి ముద్రలు సాక్ష్యమిచ్చినవి. సన్నివేశములను దిద్దుట కలవాటుపడిన చేయి తన జీవితమునుగూడ కొంత దిద్దుకొనినది కాబోలు. ఆతడు పదవి నాశింపక దేశము విడిచెననుట సత్యము. ఐనను మనమెంత గౌరవించువాని మాటయైనను, సాక్ష్యముతో సరిచూచుకొననిదే పూర్తిగా నమ్మరాదనుటకు ఇదియొక నిదర్శనము.

పారిస్‌లో నొక చిత్రము తీసి, 1934లో లాంగు అమెరికా చేరెను. 1939లో ఆ దేశపౌరుడయ్యెను. అచ్చట ఆతని తొలిచిత్రము ఫ్యూరీ (1936). 1933 నవంబరులో కాలిఫోర్నియా రాష్ట్రపు శాన్ హోసే నగరమున జనసమూహము చెఱసాల బ్రద్దలుకొట్టి, విచారణకు రాకముందే ఇద్దఱు నిందితులను ఉరిదీసినది. ఆ ఘోరమే ఈ కథకు మూలము. జో అను సాధువర్తనుడు తాను పెండ్లాడనున్న కన్యను చూడ బయలుదేరి, దారిలో పిల్లల నపహరించినవాడను అనుమానమున పట్టుబడును. ఆతని జేబులోని వేరుసెనగపప్పును, ఒక అయిదు డాలర్ల నోటును ఆతనికి శత్రువులైనవి. మంగలి కొట్టునుండి వంటయింటికి, వంటయింటినుండి అంగడికి మాట ప్రాకి, ప్రాకినకొలది పెరుగును. గుసగుసలాడు స్త్రీల వెనువెంటనే అరచు కోళ్లను చూపి లాంగు నవ్వించును. ఆ నవ్వు చాలసేపు నిలువదు. జనము చెఱసాలకు నిప్పుపెట్టును. ఎట్లో తప్పించుకొన్న జో, తాను చచ్చినట్లు లోకమును నమ్మించి, ఇరువదిరెండుమంది నిందితులు ఉరికంబమెక్కుటకై కాచుకొనియుండును. న్యాయస్థానమున సాక్షులందఱు అబద్ధములాడగా, వార్తాచిత్రము తీసినవారి ఫిల్మును తెరపై వేయుదురు. అందు తమ ముఖములను తామే చూచుకొని నిందితులు కూలిపోవుదురు. తుదకు జో మనస్సాక్షి బాధకోర్వలేక న్యాయస్థానమునకు వచ్చి నిలుచును.

టస్కెగీ విద్యాసంస్థవారి లెక్కప్రకారము 1882 మొదలు 1968 వఱకు అమెరికాలో నీవిధముగ సమూహముచే చంపబడినవారు 4,743 మంది. వారిలో 3,446 మంది నల్లజాతివారు. చిత్రమునందలి నిందితుని మాత్రము తెల్లవానిగానే చూపిరి. లాంగు చెప్పినది సత్యమే, చెప్పనిచ్చినంత సత్యమే.

ఈ కథ చూచినప్పుడు నాకు మృచ్ఛకటికము స్ఫురించినది. చారుదత్తుడు వసంతసేనను చంపెనని శకారుడు నేరము మోపును. న్యాయసభలో మైత్రేయుని యొడినుండి నగలు జారిపడగానే నిర్దోషియొక్క మెడకు ఉరి బిగియును. నగలు నిజమే, నేరము అబద్ధము. వేరుసెనగపప్పు నిజమే, నేరము అబద్ధము. చారుదత్తుడు వధ్యస్థానమునుండి బ్రతికి బయటపడి, శరణుజొచ్చిన శకారుని క్షమించెను. జో క్షమింపజాలకపోయినను తన పగను న్యాయమునకు లోబఱచెను. ఇన్ని శతాబ్దముల యెడముతో పుట్టిన రెండు కథలు ఒక్క ధర్మమునే చెప్పుట గమనింపదగును.

పిమ్మట 1937లో తప్పునకు శిక్షననుభవించి వెలువడినవానిని లోకము మరల బ్రదుకనీయని కథను తీసెను. ది వుమన్ ఇన్ ది విండో (1944) చిత్రమున నొక పెద్దమనిషియగు ఆచార్యుడు ఒక్క రాత్రి అజాగ్రత్తచే హత్యకు పాల్పడి, తన మిత్రుడైన ప్రభుత్వన్యాయవాది నోటనే దర్యాప్తు తన్ను సమీపించుచున్న తీరును వినుచుండును. 1946 వేసవిలో యుద్ధానంతరమున పారిస్ చేరిన అమెరికా చిత్రములలో నిదియు నొకటి. ఆ చిత్రములను చూచి నీనో ఫ్రాంక్ అను విమర్శకుడు వానికి ఫిల్మ్ నువార్, అనగా నల్లని చిత్రము, అని పేరిడెను. స్కార్లెట్ స్ట్రీట్ (1945) చిత్రమున నొక గుమాస్తా హత్యచేయును. ఆ నేరమునకు మఱియొకడు మరణశిక్ష పొందును. చట్టము గుమాస్తాను ముట్టదు గాని, చచ్చినవారి గొంతులు రేయింబవళ్లు ఆతని చెవిలో మ్రోగును. న్యూయార్కు రాష్ట్రమువారు దీనిని కొంతకాలము నిషేధించిరి. ది బిగ్ హీట్ (1953) చిత్రమున భార్యను పోగొట్టుకొన్న పోలీసు ఉద్యోగి పగచేత తానును శత్రువులవంటివాడగుటకు జానెడు దూరమున నిలిచి వెనుదిరుగును.

ఈ నల్లని చిత్రములను చూచువారు కథకంటె ముందు వెలుగునీడలను చూడవలయును. కిటికీరెక్కల నీడ మనుష్యునిపై చెఱసాలకమ్ములవలె పడును. అద్దములో మొగము రెండుగా తోచును. దీపము పాత్ర మొగమున సగమునే వెలిగించును. దుష్టుడు వేఱు, శిష్టుడు వేఱు అను గీత ఒక్కొక్కని హృదయమున నడిమికి దిగివచ్చును. రంగులు లేని లోపము వీనికి లేదు. రంగులు లేకుండుటయే వీని బలము.

1956 తరువాత లాంగు అమెరికా చిత్రపరిశ్రమను విడిచెను. తాను థియాతో కలిసి 1921లో వ్రాయగా వేఱొకరు తీసిన భారతదేశకథను స్వయముగ తీయు నవకాశము ఇప్పుడు దొరికినది. మన దేశమునకు వచ్చి ఉదయపూర్ ప్రాంతమున కొంత చిత్రించి, 1959లో రెండు భాగములుగ వెలువరించెను. అందలి భారతదేశము పాశ్చాత్యుల ఊహయందలిది. మన రాజస్థానపు రాళ్లు మాత్రమే అందు నిజము. 1960లో మూడవ మబూజ్ చిత్రముతో ఆతని దర్శకత్వము ముగిసినది. 1963లో ఫ్రెంచి దర్శకుడు గొదార్ చిత్రమున తన పాత్రను తానే ధరించెను. చూపునే వృత్తిగా బ్రదికిన ఆ వృద్ధునకు తుదిదినములలో చూపు మందగించెను. 1976 ఆగస్టు 2వ తేదీన, ఎనుబదియైదేండ్ల ప్రాయమున, కాలిఫోర్నియాలోని బెవర్లీ హిల్సు నందు కాలధర్మము నొందెను.

ఇంతవఱకు లాంగు కథ. ఇక నాకథ కొంచెము వినుడు. ముప్పదియేండ్లకు పూర్వము నేను బడిపంతులుగా నుండిన యొక గ్రామమున మన పెద్దలు సభచేసిరి. సత్రపు లెక్కలు వ్రాయు గృహస్థుడు సొమ్ము కాజేసెనని వదంతి. ఆతనిని పిలువలేదు, అడుగలేదు. అందఱికి తెలిసిన సంగతికి విచారణ యెందుకనిరి. ఆ యింటికి నిప్పునీళ్లు ఈయరాదనియు, శుభకార్యములకు పిలువరాదనియు తీర్మానించిరి. నా దస్తూరి బాగుగ నుండునని ఆ తీర్మానమును నాచేత వ్రాయించిరి. వ్రాసితిని. రెండేండ్లకు, ఆ సొమ్ము మఱియొక పుస్తకమున జమయైయుండుట బయటపడినది. అప్పటికే ఆ కుటుంబము ఊరు విడిచిపోయినది. కుమార్తెకు కుదిరిన సంబంధము తప్పిపోయినది. ఎవ్వరు నెవ్వరిని క్షమాపణ కోరలేదు. ఫ్యూరీ చిత్రమున వార్తాచిత్రపు వెలుగులో నిందితులు తమ ముఖములను చూచుకొన్నప్పుడు, నాకు నా చేవ్రాలు కనబడినది. ఆ గృహస్థుడు నేడు లేడు. ఆతని సంతతివారెవ్వరైన ఈ సంచికను చదివినచో నన్ను క్షమింతురుగాక.

కులబాంధవులారా, పోషకమహాశయులారా! సంఘము మనకు తల్లివంటిది. అనాథలకు వసతి కల్పించుటకు, విద్యార్థులకు వేతనములిచ్చుటకు ఈ కూటమి కంటె గొప్ప సాధనము లేదు. అయితే పదిమంది ఒకటైనచోట బలము పుట్టునట్లే, తొందరపాటును పుట్టును. కావున ఈ మహాసభలయందు మూడు నియమములను తీర్మానముగ నంగీకరింప ప్రార్థించుచున్నాను. నింద మోపబడినవానికి ముందుగ వ్రాతమూలకముగ తెలుపకుండ ఏ ఫిర్యాదును సభ విచారింపరాదు. వాని పక్షమున మాటలాడ నొకరిని తప్పక నియమింపవలయును. ఎట్టి తప్పునకైనను ఒక కుటుంబమును వెలివేయు నధికారము మనకు లేదని స్పష్టముగ వ్రాసికొనవలయును, నేరమున్నచో న్యాయస్థానములున్నవి. ఎమ్ చిత్రమున దొంగలుసైతము నిందితునకొక వాదకుని నియమించిరి. మనము నాడు ఆ మాత్రమైనను చేయమైతిమి.

మన యువకులు ఈ చిత్రములను చూతురుగాక. పెద్దలును వారితోకూడి చూతురుగాక. దీపములార్పిన గదిలో పరుల కథ చూచి, దీపములు వెలిగిన పిమ్మట తమ్ము తాము చూచుకొనగలిగినచో, ఫ్రిట్జ్ లాంగు జీవితము మనకును ఉపకరించినట్లే.